ఎయిర్‌పోర్టు గుడ్లగూబల పని గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఎయిర్‌పోర్టులో మంచు గుడ్లగూబలను పట్టి వేరేచోట వదిలే బృందంలో నిన్ను చేర్చుకున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. వల సంగతి తర్వాత, ముందు ఆ పక్షి అక్కడ ఎందుకు దిగుతుందో తెలుసుకో. ఆర్కిటిక్ టండ్రాలో, చెట్టూ చేమా లేని నేల మీద పుట్టిన పక్షి అది. చలికాలం దక్షిణానికి వచ్చేసరికి బోస్టన్ లోగాన్ లాంటి విమానాశ్రయం దానికి అచ్చం పుట్టినిల్లే: చదునైన నేల, పొట్టి గడ్డి, ఎలుకలు, పక్కనే సముద్రం, అందులో బాతులు. పాపం తిండిలేక వచ్చిందని అందరూ జాలిపడతారు గానీ, పట్టుకుని తడిమి చూస్తే చాలావాటికి రొమ్ముకండ నిండుగానే ఉంటుంది. ఉత్తరాన లెమ్మింగులు (ఎలుకల్లాంటి చిన్న జంతువులు, దాని ముఖ్య ఆహారం) విరగబడి పుట్టిన సంవత్సరం గుడ్లగూబ పిల్లలు ఎక్కువ బతుకుతాయి. ఆ కుర్రవే ఇటు దండుగా దిగుతాయి. 2013-14 చలికాలం అలాంటిదే. ఆ డిసెంబరులో న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో మూడింటిని కాల్చేశారు. జనం గగ్గోలు పెట్టాక పట్టి తరలించడం మొదలైంది. లోగాన్‌లో పక్షి పరిశోధకుడు నార్మన్ స్మిత్ గారు 1981 నుంచే ఈ పని చేస్తున్నారన్న సంగతి అప్పటికి చాలామందికి తెలియదు.

ఫెడరల్ బ్యాండింగ్ పర్మిట్ (పక్షిని పట్టి కాలికి రింగు వేసే అనుమతి), రాష్ట్ర పర్మిట్ ఎవరి పేరున ఉన్నాయో మొదటిరోజే అడుగు. ఆ పర్మిట్ ఉన్నవారు పక్కన లేకుండా పక్షిని ముట్టుకోకు.

వల పడకముందు పక్షి దగ్గర కారు దిగకు. బండి పక్కనుంచి పోతున్నా కదలని గుడ్లగూబ, మనిషి నడిచొస్తుంటే లేచిపోతుంది, లేచి ఎటు పోతుందో చెప్పలేం. రన్‌వే మీదుగా పోయిందంటే, రెండు కేజీల పక్షి ఇంజన్లో పడే ప్రమాదం మనమే తెచ్చినట్టు. అందుకే ముందు అది ఏ బోర్డు మీద కూర్చుంటోందో, ఏ వైపు వేటకు పోతోందో బైనాక్యులర్‌తో చూసి, రన్‌వే మీదుగా ఎగరాల్సిన పని లేని పక్కనే విల్లువల (విల్లులా వంగి పక్షి మీదకి మూసుకునే వల) పరవాలి. ఎర పావురానికి తోలు కవచం కట్టడం మరువకు, అదీ ప్రాణమే. కంట్రోల్ టవర్ అనుమతి లేనిదే అంగుళం కదలొద్దు. వల మేకులు, తాళ్ళు, క్లిప్పులు వెళ్ళేముందు లెక్కపెట్టు, వచ్చేముందు మళ్ళీ లెక్కపెట్టు. నేల మీద మిగిలిన ఒక్క మేకు చాలు, విమానం టైరు చీలడానికి.

వల పడ్డాక తొందరగా వెళ్ళి ముందు కాళ్ళు దొరకబుచ్చుకో. అది ముక్కు టకటకలాడిస్తుంది, బుస కొడుతుంది, అదంతా బెదిరింపు. దెబ్బ తగిలేది గోళ్ళతోనే. రెండు కాళ్ళనూ పాదాల పైన, మధ్యలో వేలు ఉంచి, ఒక చేత్తో పట్టుకోవాలి. ఆ కాళ్ళ మీద గోళ్ళదాకా దట్టంగా ఈకలుంటాయి, పట్టు జారుతుంది, గ్లవుజు ఉన్నా సరే. రొమ్ము ఎముక కత్తిలా తగిలితే చిక్కిపోయిందని అర్థం; నోరు తెల్లగా పాలిపోతే ఎలుకలమందు తిన్న ఎలుకను మింగిందేమోనని అనుమానించు. అలాంటిదాన్ని వదలకుండా వన్యప్రాణి వైద్యుల దగ్గరికి పంపాలి. బాగున్నదానికి కొలతలు, తూకం, కాలికి రింగు, అంతే. సెల్ఫీలకు టైము పెట్టకు.

తర్వాత గాలి ఆడే చీకటి పెట్టె. అందులో పెట్టాక కొత్తవాళ్ళు చేసే పని ఒకటుంది: పక్షికి చలేస్తుందని కారు హీటర్ వేస్తారు! టండ్రా చలిని తట్టుకునే ఈకలమ్మా అవి, ఆ వెచ్చదనానికి నోరు తెరిచి రొప్పుతుంది. హీటర్ కట్టేసి కోటు నువ్వు వేసుకో.

ఎక్కడ వదలాలన్నదే ఈ పనిలో అసలు విషయం. దగ్గర్లో వదిలితే మర్నాటికి అదే బోర్డు మీద కూర్చుంటుంది. అడవిలో వదిలితే దానికి పనికిరాదు. ఇసుకతిన్నెలు, ఉప్పునీటి చిత్తడి నేలలున్న తీరం చూసుకోండి, దారిలో ఇంకో ఎయిర్‌స్ట్రిప్ లేకుండా మ్యాపు చూడండి. పట్టపగలు వదిలితే కాకులు, సీగల్ పక్షులు తరుముతాయి, కాబట్టి మునిమాపు వేళ మేలు. ఆ చోటు మాత్రం ఎవరికీ చెప్పకు. ఫోటో తీసేవాళ్ళకి తెలిసిందంటే దాన్ని రోజంతా లేపుతూనే ఉంటారు.

రింగు నంబరు, తూకం ఆ రాత్రే నమోదు చెయ్యి. తిరిగొచ్చిన పక్షి పాతదో కొత్తదో తేలేది దానితోనే. నా పాత తోలు గ్లవుజులు పంపిస్తున్నాను. నీ చేతికి వదులైతే చెప్పు, వేరేవి చూద్దాం.

మీ మామయ్య