వెక్టర్ బొమ్మతో ఆకారాన్ని నింపడం: చుక్కలు ఎందుకు అంటుకుపోతాయి?

విండోస్ అప్లికేషన్ల తెరలను తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాధనం డబ్ల్యూపీఎఫ్‌లో దీర్ఘచతురస్రాన్ని చుక్కల నమూనాతో నింపాలంటే, తెర రూపాన్ని వర్ణించే జ్యామెల్ (XAML) మార్కప్‌లో దాని ఫిల్ గుణానికి రంగుకు బదులు డ్రాయింగ్‌బ్రష్‌ను (బొమ్మతో నింపే బ్రష్‌ను) ఇచ్చి, అందులో జామెట్రీడ్రాయింగ్‌గా (జ్యామితి ఆకారపు బొమ్మగా) ఒక వృత్తాన్ని గీయాలి. వ్యూపోర్ట్‌ను (ఒక్కో పలక చోటు, కొలతను) 0,0,20,20గా, వ్యూపోర్ట్‌యూనిట్స్‌ను అబ్సల్యూట్‌గా, టైల్‌మోడ్‌ను టైల్‌గా పెడితే ఆ బొమ్మ పలకల్లాగా పరుచుకుంటుంది.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. మీరు 20 యూనిట్ల పలక మధ్యలో 3 యూనిట్ల వ్యాసార్థంతో చుక్క గీసినా, బ్రష్ మాత్రం బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని లెక్కలోకి తీసుకోకుండా, గీసినంత మేరనే పట్టుకుని, స్ట్రెచ్ గుణం డిఫాల్ట్‌గా ఫిల్ కావడం వల్ల పలక నిండా సాగదీస్తుంది. అందుకే చుక్కలు ఒకదానికొకటి అంటుకుపోయి కనిపిస్తాయి. వ్యూబాక్స్‌ను (బొమ్మలోంచి పలకకు తీసుకునే భాగాన్ని) కూడా 0,0,20,20గా, వ్యూబాక్స్‌యూనిట్స్‌ను అబ్సల్యూట్‌గా ఇస్తే ఖాళీ నిలుస్తుంది. పలు బొమ్మలను కలిపి ఉంచే డ్రాయింగ్‌గ్రూప్‌లో అదే కొలతతో పారదర్శక చతురస్రాన్ని చేర్చినా పని జరుగుతుంది గాని, మొదటి పద్ధతే చదవడానికి తేటగా ఉంటుంది.

ఇదే పని, బటన్ వంటి తెర మీది అంశంతో నింపే విజువల్‌బ్రష్‌తోనూ చేయవచ్చు. అయితే డ్రాయింగ్ వస్తువులకు లేఅవుట్, ఇన్‌పుట్ ఈవెంట్ల భారం ఉండదు కాబట్టి, కదలని నమూనాకు డ్రాయింగ్‌బ్రషే తేలిక. దాన్ని రిసోర్స్‌గా ఒకసారి రాసి, ఫ్రీజ్ చేసి (ఇక మారకుండా స్థిరపరచి), అన్ని ఆకారాలకూ వాడుకోవచ్చు.