పైడిరాజు ఎందుకు మాట్లాడలేదు

తమ్ముడూ,

నీ కథ అందింది. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీకి వెళ్ళే కంపెనీ బస్సు, బి షిఫ్టు టీ, ఎవరి కారేజీలో ఏం కూరో మూత తియ్యకుండానే చెప్పేసే సింహాచలం, అన్నీ బాగా కుదిరాయి. చిక్కంతా చివరి పేజీలతోనే. జీతంలోంచి నెలనెలా 12 శాతం పి.ఎఫ్. కోసేసి, కంపెనీ దాన్ని కట్టనేలేదని పైడిరాజుకి తెలుస్తుంది. చెల్లి పెళ్ళికి అడ్వాన్సు పెట్టుకుందామని పాస్‌బుక్ చూస్తే పది నెలలుగా ఖాళీ. మర్నాడు గేటు దగ్గర నిలబడి ఉపన్యాసం ఇస్తాడు. మిగతావాళ్ళు తలలు దించుకుంటారు. వాళ్ళని నువ్వు పిరికివాళ్ళని ఒక్క మాటలో తేల్చేశావు. పైగా ఉత్తరంలో నన్నడుగుతున్నావు, సాయుధ పోరాటం నడిచిన శ్రీకాకుళం జిల్లాలో మనుషులు ఇలా ఎందుకైపోయారని.

నన్నడిగితే పైడిరాజు కూడా గేటు దగ్గర మాట్లాడడు. ముందు నువ్వో సంగతి చెప్పు. పైడిరాజుని ఆ కంపెనీలో ఎవరు పెట్టారు? నీ కథలో అది లేదు. మనవైపు ఇలాంటి ఉద్యోగాలు పేపర్లో ప్రకటన చూసి వచ్చేవి తక్కువ. మేనమామో, పక్క వీధి సూపర్‌వైజరో, కాంట్రాక్టరు దగ్గర మాట చెల్లే ఊరి పెద్దో "మా కుర్రాడే" అని చెప్పి చేర్పిస్తాడు. పైడిరాజు నమ్మింది ఆ మామని. కంపెనీ మొహం అతను చూసిందెక్కడ? అతను గొంతెత్తితే ముందు నలిగేది మామే. హెచ్.ఆర్. నుంచి ఫోను ఆయనకే వెళ్తుంది: "ఏటి మాస్టారూ, మీవోడు గొడవ చేస్తన్నాడట?" ఆ సాయంత్రం మామ వచ్చి తిట్టడు. మంచం మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, "నీ ఇష్టం రా" అని లేచి వెళ్ళిపోతాడు. ఆ మాట ముందు కంపెనీ ఇచ్చే మెమో ఏపాటిది? నువ్వు రాయాల్సింది ఆ మంచినీళ్ళ గ్లాసు దగ్గరి సీను.

తర్వాత, భయం అని రాసిన ప్రతిచోటా ఆ మాట కొట్టేసి లెక్క రాసి చూడు. నాలుగేళ్ళు దాటిన పర్మినెంటు మనిషి ఐదో ఏడు నిండేదాకా కిక్కురుమనడు, గ్రాట్యుటీకి అంత సర్వీసు కావాలి గనక. కాంట్రాక్టు కుర్రాడిని తీసెయ్యక్కర్లేదు, గేటు పాసు రెన్యువల్ చెయ్యకపోతే చాలు. ఫిర్యాదు ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చు, నిజమే. కానీ అందులో పేరూ, పి.ఎఫ్. ఖాతాకిచ్చే యు.ఏ.ఎన్. నంబరూ ఉంటాయి. అది తిరిగి తిరిగి ఎవరి టేబుల్ మీదికి వస్తుందో బస్సులో అందరికీ తెలుసు.

నీ పైడిరాజు ఉపన్యాసంలో సెక్షన్లు కూడా చదువుతాడు. కార్మికుడి వాటా కోసుకుని మర్నెల 15లోగా కట్టకపోవడం ఉత్త బకాయి కాదనీ, నేరపూరిత నమ్మకద్రోహం కిందికొస్తుందనీ, పాత శిక్షాస్మృతి 405లో ఉన్నదే ఇప్పటి న్యాయ సంహిత 316లోనూ ఉందనీ అంటాడు. అంతా కరెక్టే. చట్టం తెలియకే జనం ఊరుకుంటున్నారని నీ ఉద్దేశం. కాదయ్యా. చట్టం తెలిసినవాళ్ళకి కోర్టు వాయిదాల సంగతి కూడా తెలుసు.

పోరాటాల గడ్డ మాటకొస్తే, నెల్లిమర్ల జూట్ కార్మికుల మీద 1994లో కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. విజయనగరం చుట్టుపక్కల జూట్ మిల్లుల లాకౌట్లు ఎన్ని ఇళ్ళని కుదిపాయో మీ పెద్దవాళ్ళనడుగు. గేటుకి నోటీసు అంటించిన పొద్దున్న, తండ్రి సైకిలు తిప్పుకుని ఇంటికొచ్చెయ్యడం చూసిన పిల్లలున్నారు. వాళ్ళు మర్చిపోయారనుకుంటున్నావు నువ్వు. మరీ బాగా గుర్తుంది వాళ్ళకి.

అయినా ఊరుకున్నవాళ్ళు నిజంగా ఊరుకుంటారా? పలాసలో ఓ చోట జీడి పిక్కల పని చేసే ఆడవాళ్ళని చూశాను. పిక్క కొట్టి కొట్టి వేళ్ళు నల్లబడి ఉన్నాయి. సాయంత్రం కాటా దగ్గర ముల్లు నిలబడకుండానే గుమస్తా అంకె చెప్పేశాడు. గిన్నె పెట్టినామె ముల్లు వైపు చూసింది, పక్కామె మొహం చూసింది, కొంగుకి చేతులు తుడుచుకుని జరిగిపోయింది. ఒక్క మాట లేదు. గేటు దాటి నాలుగడుగులు వేశారో లేదో, "ఈయేళ బొటనేలు బాబు నీ కాడ ఎంత తిన్నాడే?" అని ఒకామె, మిగతావాళ్ళు పగలబడి నవ్వడం. పళ్ళెం అంచు కింద బొటనవేలు ఆనిస్తాడని ఆయనకా పేరు. యజమానికి ఆ పేరు ఎప్పటికీ వినపడదు.

ఫ్యాక్టరీలో ఇది ఇంకోలా ఉంటుంది. నమ్మకం పోయినవాడు రాజీనామా ఇవ్వడు, పనిలోంచి తనని కొంచెం కొంచెంగా తీసేసుకుంటాడు. సెంట్రిఫ్యూజ్ యంత్రం శబ్దం తేడాగా ఉందని ఒకప్పుడు పరిగెత్తుకెళ్ళి చెప్పిన ఆపరేటరే, ఇప్పుడు అది ఆగేదాకా చూస్తూ కూర్చుంటాడు. అడిగితే "నాకు తెలీదు సార్". మందుల ఫ్యాక్టరీలో ఆ "తెలీదు" ఎక్కడికి దారి తీస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు. నీ కథకి ముగింపు గేటు దగ్గర కాదు, అక్కడుందేమో చూడు.

ఇంకోటి. హెచ్.ఆర్. కుర్రాడిని ఉత్త విలన్ చేసేశావు. వాడిదీ చీపురుపల్లే కదా, వాడి పి.ఎఫ్. మాత్రం కట్టారా? ఆ సంగతి వాడికెప్పుడు తెలిసింది, తెలిశాక ఆ రోజు ఎవరెవరికి ఫోన్లు చేశాడు, ఓ పేజీ రాసి చూడు. పక్కన పడెయ్యాల్సి వచ్చినా సరే, రాయి. సంక్రాంతికి శ్రీకాకుళం వచ్చినప్పుడు కథానిలయం లైబ్రరీలో కలుద్దాం, కొత్త ప్రతి పట్టుకురా. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్ళద్దాలు మార్చాలి.

అన్నయ్య