కర్ల్ బల్ల ముందు కూర్చుని చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘గిల్బర్ట్ కర్ల్ రాణి మాటలను చకచకా రహస్య లిపిలోకి మార్చి, కాగితం మడిచి అందించాడు.’ చదవగానే కోపం వచ్చింది, దాచను. స్కాట్లండ్ రాణి మేరీ మాటతీరు నీకు బాగా పట్టుబడింది. కానీ కథకు ప్రాణమైన పనిని ఒక్క వాక్యంతో దాటేశావమ్మా!

1586 జులై 17న చార్ట్లీ భవనంలో బందీగా ఉన్న మేరీ, ఇంగ్లండు రాణి ఎలిజబెత్‌ను చంపి తనను విడిపించాలని కుట్ర పన్నిన ఆంథొనీ బాబింగ్టన్‌కు పంపిన జవాబు చిన్న చీటీ కాదు. పెద్ద ఉత్తరం. ఆమె చెప్పినదాన్ని కార్యదర్శి క్లాడ్ నావ్ ఫ్రెంచిలో రాశాడు. మరో కార్యదర్శి కర్ల్ దాన్ని ఇంగ్లీషు చేసి, ఆ తరువాత ఒక్కొక్క అక్షరానికీ పట్టికలో గుర్తు చూసుకుంటూ మళ్లీ మొత్తం రాశాడు. ఆ పట్టికలో అక్షరాలకు 23 గుర్తులు, తరచుగా వాడే మాటలకు 36, ఏ అర్థమూ లేకుండా కేవలం కళ్లు కప్పడానికి నాలుగు, తరువాతి అక్షరాన్ని రెండుసార్లు చదువుకోమని చెప్పడానికి ఒకటి. ‘నేను వాడింది ఇదే’ అని బాబింగ్టన్ ఒప్పుకున్న పట్టిక లండన్ శివారు క్యూలోని ప్రభుత్వ పత్రాగారంలో ఇప్పటికీ ఉంది. దాని ఫొటోలు సులువుగా దొరుకుతాయి. నువ్వు చూసే ఉంటావు. చూడటంతో సరిపెట్టుకున్నావు, అదే నా బాధ.

చేతిపని గురించి రాసేవాళ్లు ముందు ఆ పని చేత్తో చేయాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. మూలికల దుకాణానికి వెళ్లి మాచికాయలు, అన్నభేది, తుమ్మబంక తెచ్చుకో. మాచికాయలు నలగ్గొట్టి నీళ్లలో నానబెట్టి, వడగట్టి, మిగతా రెండూ కలిపితే ఆనాటి ఐరోపా సిరా తయారవుతుంది. ఒక ఈకను కలంగా చెక్కుకో. కొత్త సిరాతో గీసిన గీత మొదట లేత బూడిదరంగులో ఉండి, గాలి తగిలిన కొద్దీ నల్లబడుతుంది. రాసిన గుర్తు సరిగ్గా పడిందో లేదో వెంటనే కనిపించదు. ఈక మొన కాస్త మొద్దుబారితే పక్కపక్కన పోలికున్న రెండు గుర్తులు ఒకటైపోతాయి. ఇవేవీ ఫొటోలో కనిపించవు.

పట్టిక పక్కన పెట్టుకుని ఒక పేజీ రాయి. మొదట్లో ప్రతి అక్షరానికీ కన్ను పట్టికకూ కాగితానికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. కాసేపటికి ఎక్కువగా వచ్చే అక్షరాల గుర్తులు చేతికి అలవాటవుతాయి. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. చేయి పరుగు అందుకోగానే, మధ్యమధ్య చల్లాల్సిన ఆ నాలుగు ఉత్తుత్తి గుర్తులు మరుగున పడతాయి. గుర్తుకొచ్చినప్పుడు మాట చివరో, వరుస చివరో ఒకటి పడేస్తావు. 36 మాటల జాబితాలో ఉన్న మాటను కూడా వెతకడానికి విసుగేసి అక్షరం అక్షరంగా రాసేస్తావు. కర్ల్ ఇలాగే చేశాడని నేను అనడం లేదు. కానీ అలసిన చేయి ఎటు జారుతుందో తెలిస్తే, ఎలిజబెత్ గూఢచారులను నడిపిన మంత్రి వాల్సింగ్‌హామ్ కొలువులో రహస్య లిపులు విప్పుతూ కూర్చున్న థామస్ ఫెలిప్స్ దేనికోసం కాచుకుని ఉంటాడో నీకే అర్థమవుతుంది. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి లిపి విప్పే పద్ధతిని బాగ్దాద్‌లో అల్ కిందీ 9వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. ఆ లెక్కను చెడగొట్టడానికే ఉత్తుత్తి గుర్తులు. నీ కథలో ఫెలిప్స్ కళ్లు మూసుకుని ఆలోచిస్తే మెరుపులా తాళంచెవి దొరికింది. అలా దొరకదు. లెక్కపెట్టాలి, కొట్టివేయాలి, మళ్లీ లెక్కపెట్టాలి.

నేను తెలుగుకు కూడా ఇలాంటి పట్టిక కట్టి చూశాను. 64 కళల్లో రహస్య లేఖనాన్ని ఒకటిగా చేర్చిన వాత్స్యాయనుడి దేశం మనది, ఆ పని మనకు పరాయిది కాదు. ప్రతి గుణింతానికీ ఒత్తుకూ వేరే గుర్తు పెడదామంటే పట్టికకు అంతు ఉండదు. హల్లుకూ అచ్చుకూ విడివిడిగా ఇస్తే ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి నాలుగు గుర్తులు కావాలి. అదైనా సర్దుకోవచ్చు. అసలు చిక్కు మాటల మధ్య ఖాళీలతో వచ్చింది. ఇల్లు, ఊరు, నీళ్లు, వాడు, చెప్పాడు, వచ్చారు... వరుసగా రాసి చూడు, మాట చివర ఉకారం గుర్తు తనంతట తానే బయటపడుతుంది. అది దొరికితే చాలు, దాన్ని పట్టుకుని మిగతావి లాగవచ్చు. అందుకే ఖాళీలు తీసేసి అన్నీ కలిపి రాశాను. అప్పుడు నేను రాసిందే నాకు చదవడం కష్టమైంది. రహస్యం కాపాడటానికీ చదవగలగడానికీ మధ్య ఉండే ఈ పోట్లాట నీ కర్ల్ ముఖంలో కనిపించాలి.

నీ వయసులో నేను ఒక వారపత్రికకు గూఢచారి సీరియల్ రాశాను. పగలంతా ఉద్యోగం, రాత్రి అద్దెగదిలో రాత. లేఖకుడు పట్టిక ముందు కూర్చునే అధ్యాయం కోసం ఎంత తాపత్రయపడ్డానో నాకే తెలుసు. సంపాదకుడు ఆ అధ్యాయాన్ని మొత్తం ఎత్తేసి, ఆ స్థానంలో గుర్రాల మీద తరుముకునే సన్నివేశం తానే రాయించి వేశాడు. పాఠకులకు ఓపిక ఉండదట! తరువాతి వారం ఒక తంతి కార్యాలయ ఉద్యోగి కార్డు రాశాడు, ఆ గుర్తులు ఎలా కట్టారో చెప్పకుండా ఎలా విప్పారో చెబితే నమ్మేదెలా అని. ఓపిక లేనిది పాఠకులకు కాదని ఆ రోజు నుంచి నమ్ముతున్నాను. ఇప్పటి సంపాదకులు గుర్రాల బదులు కంప్యూటర్ కోరుతున్నారు. మీట నొక్కగానే రహస్యం తెర మీద తేలిపోవాలి. 1578 నుంచి 1584 దాకా మేరీ రాసిన 57 ఉత్తరాలను పారిస్ జాతీయ గ్రంథాలయంలో గుర్తించి, ముగ్గురు పరిశోధకులు 2023లో బయటపెట్టారు. కంప్యూటర్ వాడారు, నిజమే. కానీ ముందు ఆ గుర్తులన్నిటినీ మనుషులు కూర్చుని ఒక్కొక్కటిగా పోల్చుకుంటూ ఎక్కించాల్సి వచ్చింది. ఈ మాట ఎవరూ కథలో పెట్టరు.

‘కాగితం మడిచి’ అన్నావు కదా, అదీ అంత తేలిక కాదు. కవర్లు లేని కాలం. 1587 ఫిబ్రవరి 8న, తల నరకడానికి కొన్ని గంటల ముందు, మేరీ తన మరిది, ఫ్రాన్సు రాజు మూడో హెన్రీకి రాసిన ఉత్తరం చూడు. కాగితం అంచు నుంచే సన్నని పట్టీ కోసి, మడతల మీద చీలికలు పెట్టి, ఆ పట్టీని వాటిలోంచి చుట్టి చుట్టి బిగించారు. పట్టీ తెంచకుండా విప్పడం కుదరదు. ఒక తెల్లకాగితంతో చేసి చూడు, పట్టీ మధ్యలో చిరిగితే మళ్లీ మొదటికి రావాలి.

ఇక ఫెలిప్స్. ఉత్తరం నకలు మీద అతను గీసిన ఉరికొయ్య బొమ్మకు అర పేజీ ఇచ్చావు. అతను ఆ ఉత్తరానికి దొంగ తాజాకలం చేర్చిన సంగతి మాత్రం వదిలేశావు. ఎలిజబెత్ రాణిని చంపడానికి సిద్ధపడ్డ ఆరుగురి పేర్లు చెప్పమని మేరీ అడిగినట్టుగా, అదే రహస్య లిపిలో రాశాడు. అది నమ్మించాలంటే గుర్తులు తెలిస్తే చాలదు. కర్ల్ ఏ గుర్తును ఎటు వంచుతాడు, కలం ఎక్కడ ఎత్తుతాడు, ఉత్తుత్తి గుర్తును ఎక్కడ వేస్తాడు, అన్నీ తన చేతికి ఎక్కించుకోవాలి. నీ కథ అక్కడ ఉంది. ఉరికొయ్యను రెండు వాక్యాల్లో ముగించి, ఆ బల్ల దగ్గరికి వెళ్లు.

ముందు సిరా కలుపుకో. తిరగరాశాక పంపు, నువ్వు చేత్తో కట్టిన పట్టిక కూడా జతచేయి. కథ కంటే ముందు దాన్నే చదువుతాను.

శుభాకాంక్షలతో.