మిసెస్ మక్లౌడ్ ఆఫ్ రాసే, మిస్ మక్లౌడ్స్ రీల్: రెండూ ఒకటేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఒక స్కాటిష్ ఫిడిల్ (జానపద సంగీతంలో వయొలిన్‌కి పేరు) రికార్డింగ్‌లో ‘మిసెస్ మక్లౌడ్ ఆఫ్ రాసే’, ఒక ఐరిష్ సెషన్ (నలుగురూ కలిసి ట్యూన్లు వాయించుకునే కూర్పు) వీడియోలో ‘మిస్ మక్లౌడ్స్ రీల్’ విన్నారు. ఎక్కడో కలుస్తున్నట్టే ఉంది, కానీ ఒకేలా లేదు. ఇవి ఒకే ట్యూనా, ఏది అసలుది, కర్ణాటక వయొలిన్ కొంత వచ్చినవాళ్లు ఏది నేర్చుకోవాలి అని అడిగారు.

ఒకే ట్యూన్ అండి. నేను చిన్నప్పుడు విజయవాడలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఉద్యోగం వల్ల మొదట ఎడిన్‌బరాలో, తర్వాత డబ్లిన్‌లో ఉన్నాను. రెండు ఊళ్లలోనూ పబ్ సెషన్లలో మూల కూర్చుని ఈ రీల్ (వేగంగా సాగే డాన్స్ ట్యూన్) వాయించాను కాబట్టి తేడాలు చేతికి తెలిసినవే. అవి ఎందుకు వచ్చాయో తెలిస్తే మీ మిగతా ప్రశ్నలకి జవాబు సులువు.

ముందు ట్యూన్ అస్థిపంజరం చూద్దాం. మొదటి బార్‌ని (అంటే తాళంలో ఒక కొలతని) మన స్వరాల్లో రాస్తే ‘స, గ స ప స గ స’. అంటే షడ్జం, అంతర గాంధారం, పంచమం మధ్య తిరుగుతుంది. తర్వాతి బార్ గాంధారం దగ్గర కాసేపు ఉంటుంది. మళ్లీ మొదటి బార్ వస్తుంది. నాలుగో బార్‌లో రిషభం మీదికి దిగుతుంది. అసలు చమత్కారం ఇక్కడే ఉంది. మొదటి భాగం షడ్జం మీద ముగియదు. రిషభం మీద ఆగినట్టే ఆగి మళ్లీ మొదటికి తోస్తుంది. డాన్స్ ఎంతసేపు సాగితే అంతసేపు తిరిగే ట్యూన్ కావాలి, దీనికి ఆ గుణం పుట్టుకతోనే ఉంది. సెషన్లో ఆపాల్సి వచ్చినప్పుడు చివర ఒక షడ్జం తెచ్చిపెట్టి ముగిస్తాం. ఈ లక్షణం స్కాట్లండ్‌లోనూ ఉంది, ఐర్లండ్‌లోనూ ఉంది. రెండూ ఒకటే అనడానికి పేరు కంటే ఇది గట్టి ఆధారం.

మారింది మొదట శ్రుతి. స్కాట్లండ్‌లో దీన్ని ఎక్కువగా ‘ఎ’ మేజర్‌లో (అంటే ‘ఎ’ స్వరం షడ్జంగా) వాయిస్తారు, ఐర్లండ్‌లో ‘జి’ మేజర్‌లో. ఇది అభిరుచి తేడా కాదు, వాయిద్యాల బలవంతం. స్కాట్లండ్ సంచి వాయిద్యమైన హైలండ్ బ్యాగ్‌పైప్ స్కేల్ ‘ఎ’ మీద కూర్చుని ఉంటుంది. దానికి మొత్తం తొమ్మిదే స్వరాలు. ఐర్లండ్‌లో చెక్క ఫ్లూట్, టిన్ విజిల్, ఇలియన్ పైప్స్ (ఐరిష్ సంచి వాయిద్యం) ‘డి’ ఆధారంగా తయారవుతాయి. వాటిమీద ‘డి’, ‘జి’ మేజర్లు హాయిగా పలుకుతాయి. ‘ఎ’ మేజర్‌కి కావలసిన ‘జి’ షార్ప్ మీటలు లేని ఫ్లూట్‌లో సరిగ్గా రాదు. ఫిడిల్‌కి రెండు శ్రుతులూ సుఖమే. ‘ఎ’లో అయితే పై రెండు ఖాళీ తీగలు, ‘జి’లో అయితే కింది రెండు ఖాళీ తీగలు తోడు పలుకుతాయి. మీరు విన్న స్కాటిష్ రికార్డింగ్ మెరుపుగా, ఐరిష్ వీడియో కాస్త గుండ్రంగా వినిపించడానికి సగం కారణం ఇదే.

రెండో తేడా కమానులో ఉంది. నాకు ఎక్కువ సమయం పట్టింది కూడా ఇక్కడే. స్కాటిష్ ఫిడిలర్లు స్వరానికో కమాను చొప్పున విడివిడిగా కొడతారు. బీట్ మీద బరువు స్పష్టంగా పడుతుంది. ఒకే స్వరాన్ని మూడుసార్లు చకచకా కొట్టే ‘బర్ల్’ ఎక్కడ పొడుగు స్వరం దొరికితే అక్కడ వస్తుంది. స్ట్రాత్‌స్పే అనే నెమ్మది డాన్స్ ట్యూన్లలో ‘స్నాప్’ ఉంటుంది, అంటే పొట్టి స్వరం ముందు, పొడుగుది వెనక. ఆ అలవాటు ఉన్న చెయ్యి రీల్‌లో కూడా కొంచెం కొరుకుతుంది.

ఐరిష్ వైపు, ముఖ్యంగా స్లైగో కౌంటీ పద్ధతిలో, రెండు మూడు స్వరాలు ఒకే కమానులో కలుస్తాయి. పైగా ఆ కలపడం బీట్‌ని దాటుకుని వెళ్తుంది. అందువల్ల బరువు ఊహించిన చోట పడదు, ట్యూన్ ఊగుతుంది. స్లైగో నుంచి న్యూయార్క్ వెళ్లిన మైకేల్ కోల్మన్ (1891–1945) 78 ఆర్‌పీఎం రికార్డులు ఐర్లండ్‌కి తిరిగి వచ్చి, ఈ పద్ధతిని దేశమంతా పరిచాయి. ఎంతగా అంటే కొన్ని జిల్లాల సొంత బాణీలు ఆ రికార్డుల కింద నలిగిపోయాయి. దాన్ని పూర్తిగా మంచి పరిణామం అని నేను అనలేను.

ఇలా సాఫీగా చెప్తుంటే డొనెగాల్ అడ్డు వస్తుంది. వాయవ్య ఐర్లండ్‌లోని ఆ కౌంటీ నుంచి కూలీలు బంగాళాదుంపల కోతకి తరతరాలుగా స్కాట్లండ్ వెళ్లి వచ్చారు. ట్యూన్లూ వాళ్లతోపాటే వచ్చాయి. అక్కడి ఫిడిలర్లు విడి కమానులే ఎక్కువ కొడతారు. స్ట్రాత్‌స్పేలు అక్కడ ‘హైలండ్స్’ పేరుతో బతుకుతున్నాయి. ఊరూరా తిరిగి రేకు పనులు చేసుకునే కుటుంబంలో పుట్టిన జాన్ డొహర్టీ (మరణం 1980) వాయించిన రీళ్లు కళ్లు మూసుకుని వింటే చాలాసార్లు స్కాటిష్ అనే అనుకుంటారు. ఐర్లండ్ ఈశాన్య కొసకీ స్కాట్లండ్‌లోని కింటైర్ కొసకీ మధ్య సముద్రం దాదాపు 20 కిలోమీటర్లే మరి. కాబట్టి స్కాటిష్, ఐరిష్ అని రెండు గళ్లు గీసి ప్రతి ట్యూన్‌ని ఏదో ఒక దాంట్లో పెట్టాలని చూడకండి. కౌంటీ తేడాలు ఒక్కోసారి దేశాల తేడాని మించిపోతాయి.

ఇక ‘రోల్’. ఐరిష్ ట్యూన్లలో పొడుగు స్వరం ఉన్న చోట ఐదు ముక్కల అలంకారం వేస్తారు: గాంధారం అనుకుంటే ‘గ మ గ రి గ’ లాంటిది. రాయడానికి ఇది మన స్ఫురితం, ప్రత్యాహతాల పక్కన పెట్టొచ్చనిపిస్తుంది. చేతికి మాత్రం పూర్తిగా వేరు. పైన వచ్చే ‘మ’, కింద వచ్చే ‘రి’ స్వరాలుగా వినిపించకూడదు. వేలు తీగని తాకీ తాకనట్టు చిటికె వేసి వెళ్లాలి. కర్ణాటక సాధన ఉన్న ఎడమచెయ్యికి ప్రతి పొడుగు స్వరాన్నీ కొంచెం ఊపాలనిపిస్తుంది. రీల్‌లో ఆ కంపితం వస్తే పక్కన ఫ్లూట్ వాయించేవాళ్లు మొహం మీద ఏమీ అనకపోయినా ఇబ్బంది పడతారు. స్వరం నిటారుగా ఉండాలి, అలంకారం తాళంలో పడాలి. మెట్రోనోమ్ పెట్టుకుని రోల్ ఒక్కటే విడిగా సాధన చేస్తే వస్తుంది. వారం పదిరోజుల్లో వస్తుందని మాత్రం చెప్పను.

ఏది అసలుది అన్నారు. మనకి స్పష్టంగా కనిపించే ప్రింట్ ఆధారం స్కాట్లండ్‌ది. స్కాటిష్ ఫిడిలర్ నీల్ గౌ కుటుంబం అచ్చువేసిన ఐదో సంపుటంలో (1809) ఇది ‘మిసెస్ మక్లౌడ్ ఆఫ్ రాసే’గా ఉంది. స్కై ద్వీపపు రీల్ అనీ, ఒక మక్లౌడ్‌గారు అందించారనీ అక్కడే రాశారు. రాసే అనేది స్కై పక్కనున్న చిన్న ద్వీపం, మక్లౌడ్లు అప్పట్లో దాని జమీందార్లు. అంటే అచ్చుకి ముందే అది ఆ ద్వీపాల్లో వాడుకలో ఉందన్నమాట. రీల్ అనే ప్రక్రియ కూడా 18వ శతాబ్దం చివర్లో స్కాట్లండ్ నుంచే ఐర్లండ్‌కి వ్యాపించిందని సాధారణంగా ఒప్పుకుంటారు. పైగా ఐర్లండ్‌లో పుట్టిన ట్యూన్‌కి రాసే జమీందారిణి పేరు పెట్టాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. కాబట్టి ఈ ఒక్క ట్యూన్ వరకు నా ఓటు స్కాట్లండ్‌కే. డబ్లిన్‌లో ఈ మాట అంటే ఒక గంట వాదన ఖాయం, అదీ సరదాగానే ఉంటుంది. సముద్రం దాటి అమెరికా వెళ్లాక దీనికి ‘హాప్ హై లేడీస్’, ‘అంకుల్ జో’ లాంటి పేర్లొచ్చాయి. అక్కడ బాంజోతో వింటే రాసే ద్వీపం ఎవరికీ గుర్తు రాదు.

కానీ పాఠాంతరాల విషయంలో నాకు దీనికంటే ఎక్కువ ఇష్టమైన జంట ఇంకోటి ఉంది: స్కాటిష్ ‘కాబర్ ఫే’, ఐరిష్ ‘రేకిష్ ప్యాడీ’. కాబర్ ఫే అంటే స్కాట్లండ్ గేలిక్ భాషలో దుప్పి కొమ్ములు, మకెంజీ వంశం చిహ్నం. సీఫోర్త్ హైలండర్స్ రెజిమెంట్ కవాతు ట్యూన్ కూడా అదే. అదే ట్యూన్ ఐర్లండ్‌లో జులాయి ప్యాడీగా మారింది! మక్లౌడ్ రీల్‌లా ఇక్కడ పోలిక వెంటనే దొరకదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని నాలుగైదుసార్లు వింటే తప్ప పట్టుబడదు.

పోలిక పట్టుకోవాల్సింది స్వరాల్లో కాదు, కింద నడిచే పునాదిలో. ‘డి’ని షడ్జం అనుకుంటే ట్యూన్ ఆ షడ్జానికీ, దానికి ఒక మెట్టు కింద ఉన్న కైశికి నిషాదానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. కాసేపు ఒక ఇంట్లో, కాసేపు పక్కింట్లో. ఈ రెండు పీఠాల ఊగిసలాట స్కాటిష్ పైప్ సంగీతంలో బాగా పాతది. రేకిష్ ప్యాడీ మొదలయ్యేదే ఆ నిషాదం మీద. కొత్తవాళ్లు ‘సి’లో ఉందనుకుని గిటార్‌తో తప్పు కార్డ్ కొట్టేది అందుకే. మనవాళ్లకి హరికాంభోజి స్వరాలు తెలుసు కాబట్టి ఈ స్కేల్ కొత్తగా ఉండదు. ట్యూన్ మధ్యలో మాత్రం కాకలి నిషాదం కూడా తొంగిచూస్తుంది. పాత పైపర్ల దగ్గర అయితే ఆ నిషాదం ఇటు కైశికీ కాదు, అటు కాకలీ కాదు. రెండింటి మధ్య ఎక్కడో నిలుస్తుంది, లేదా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుతుంది. పియానోకి అలవాటు పడ్డ చెవికి అది అపస్వరం. మన చెవికి అందులో తప్పేమీ కనిపించదు.

వాయిద్యం ట్యూన్‌ని ఎలా మలుస్తుందో కూడా ఈ జంటలో బాగా తెలుస్తుంది. హైలండ్ పైప్‌లో సంచిలోంచి గాలి ఆగకుండా వస్తుంది, శబ్దాన్ని ఆపడం కుదరదు. ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే మధ్యలో ఒక గ్రేస్ నోట్ (క్షణంపాటు తగిలే చిన్న స్వరం) పెట్టి తుంచాల్సిందే. దాంతో కాబర్ ఫే పదునుగా, కవాతులాగా ఉంటుంది. ఇలియన్ పైప్స్‌లో గొట్టం కొసని మోకాలికి ఆనించి మూసేయొచ్చు, అప్పుడు నిశ్శబ్దం దొరుకుతుంది. రెండు స్థాయిలూ పలుకుతాయి. అందుకే రేకిష్ ప్యాడీ పైస్థాయికి ఎగురుతుంది, మధ్యలో తెగుతుంది, అల్లరి చేస్తుంది. ఐర్లండ్ జానపద కమిషన్ 1947లో సంచార పైపర్ జానీ డొరాన్‌తో చేయించిన రికార్డింగుల్లో ఈ ట్యూన్ ఉంది. ఒక్కటి వినే ఓపిక ఉంటే అది వినండి.

మిగతా జంటలు త్వరగా చెప్పేస్తాను. ఎడిన్‌బరా పక్కనున్న రేవు ఫిషరో పేరుతో డేనియల్ డౌ కట్టిన ‘బోనీ లాస్ ఆఫ్ ఫిషరో’ ఐర్లండ్‌లో ‘బోనీ కేట్’ అయింది. ‘స్లీపీ మ్యాగీ’ అక్కడ ‘జెనీస్ చికెన్స్’ అయింది. కోల్మన్ ఈ రెండు ఐరిష్ రూపాల్నీ ఒకే రికార్డు ముఖం మీద వరసగా వాయించాడు. అప్పట్నుంచి వాటిని విడదీసి వాయించేవాళ్లు తక్కువ.

త్యాగరాజ కృతికి వాలాజపేట శిష్యుల పాఠం, ఉమయాళ్‌పురం శిష్యుల పాఠం ఉన్నట్టే ఇదీ అనుకోండి. ఒక్క తేడా ఏమిటంటే ఇక్కడ గురుపరంపర రాసిపెట్టి ఉండదు. షికాగో పోలీస్ చీఫ్‌గా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1,850 ట్యూన్లు అచ్చువేశాక, పుస్తకంలో ఉన్నదే సరైనది అనే పట్టుదల కొందరికి వచ్చింది. మంచి వాయిద్యకారులు దాన్ని ఇప్పటికీ లెక్కచెయ్యరు. మూడు ఆవృత్తులు వాయిస్తే మూడుసార్లూ ఎక్కడో ఒకచోట మారుస్తారు.

అన్నట్టు, ఇలాంటి యూరోపియన్ ట్యూన్లు మనవాళ్ల చేతికి రావడం కొత్తేమీ కాదు. ముత్తుస్వామి దీక్షితులు ఆ బాణీలకి సంస్కృత సాహిత్యం రాసిన నోటుస్వరాలు మీరు వినే ఉంటారు. వాటిలో కొన్నింటిని 1832లో రాయించి దాచినవాడు మన నిఘంటువు బ్రౌన్ దొరే.

ఇక ఏది నేర్చుకోవాలంటే, మీరు ఎవరి పక్కన కూర్చోబోతున్నారో వాళ్లది. ఐరిష్ సెషన్‌కి వెళ్తుంటే ‘జి’లో, స్కాటిష్ సెషన్ అయితే ‘ఎ’లో. ఎవరూ లేకుండా ఇంట్లోనే అయితే ‘జి’తో మొదలుపెట్టండి, వీడియోలు ఎక్కువ దొరుకుతాయి. ముందు వయొలిన్ శ్రుతి మార్చుకోవాలి. మన స-ప-స-ప పద్ధతి కాకుండా జి-డి-ఎ-ఇ పెట్టుకోండి, లేకపోతే మధ్య తీగ దగ్గరికి వచ్చేసరికి వేళ్ల లెక్క తప్పుతుంది. కొత్త తీగలు కొనుక్కోవడం మేలు, కర్ణాటక శ్రుతికి దించి వాడిన తీగల్ని పైకి లాగితే తెగొచ్చు. నోటేషన్ చూడకుండా మొదటి నాలుగు బార్లు పాడటం వచ్చాకే కమాను ఎత్తండి. అలంకారాలు ఏవీ లేకుండా నడక కుదిరే దాకా వాయించి, తర్వాత ఒక్క చోట రోల్ పెట్టి చూడండి.

పాఠాంతరాలు పోల్చుకోవడానికి ‘ద సెషన్’ వెబ్‌సైట్‌లో ఒకే ట్యూన్ కింద చాలా రూపాలు కనిపిస్తాయి. స్కాట్లండ్ పాత రికార్డింగులకి ‘తోబర్ అన్ డూఅల్‌హిస్’ ఆన్‌లైన్ భాండాగారం ఉచితం. డబ్లిన్ వస్తే మెరియన్ స్క్వేర్‌లోని ఐరిష్ సంప్రదాయ సంగీత ఆర్కైవ్‌కి వెళ్లండి.

రేకిష్ ప్యాడీ జోలికి మాత్రం మక్లౌడ్ రీల్ నిద్రలో కూడా వాయించగలిగాకే వెళ్లండి. ఆ నిషాదం ఎక్కడ నిలబెట్టాలో పుస్తకం చూసి తేలేది కాదు. దగ్గర్లో పైపర్ ఎవరైనా ఉంటే అడిగి కూర్చోబెట్టుకుని వినండి, లేదంటే డొరాన్ రికార్డింగ్‌ని స్పీడ్ తగ్గించి పెట్టుకోండి.