పెంపుడు తల్లి తప్పు మాటేనా?

సందేహం: తల్లిదండ్రులు పోయిన పక్కింటి పిల్లను మా వీధిలో ఒకావిడ చేరదీసి పెంచారు. ఇప్పుడా అమ్మాయి పెళ్లి. శుభలేఖలో ‘పెంపుడు తల్లి’ అని వేద్దామంటే, ఆ మాట కొడుక్కో కుక్కకో చెల్లుతుంది గానీ తల్లికి చెల్లదని ఒక పెద్దాయన అడ్డు తగిలారు. నిజమేనా?

సమాధానం: ఆయన మాటలో కొంత బలముంది. తోపుడు బండి అంటే మనం తోసేది, దంపుడు బియ్యం దంచినవి, పెంపుడు కుక్క మనం పెంచుకునేది. ఆ లెక్కన పెంపుడు తల్లిని ఇంకెవరో పెంచాలి. కానీ దిగుడు బావిని ఎవరూ దించరు, అందులోకి మనమే దిగుతాం. పొద్దుతిరుగుడు పువ్వు తనంతట తానే తిరుగుతుంది. కాబట్టి తప్పని కొట్టేయలేను. నా చెవికి మాత్రం ‘పెంచిన తల్లి’ హాయిగా ఉంటుంది.

అసలు తల్లి ముందు ఆ విశేషణం ఎందుకన్నదే నా బాధ. కర్ణుణ్ని కన్నది కుంతి, పెంచింది రాధ. కుంతి కొడుకు కౌంతేయుడు, రాధ కొడుకు రాధేయుడు. రెండింటిలో ఉన్నదీ ఒకటే ప్రత్యయం, పాణిని ‘స్త్రీభ్యో ఢక్’ సూత్రంతో వచ్చేది, ఫలానా ఆమె సంతానం అని దాని అర్థం. కన్నదా పెంచిందా అని అది అడగదు! ఉద్యోగపర్వంలో కృష్ణుడు వచ్చి, నువ్వు కుంతి కొడుకువి, పద, రాజ్యం నీదే అన్నప్పుడు వ్యాసుడి కర్ణుడు చెప్పిన జవాబు ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది. నా మీది ప్రేమతో రాధకు అప్పటికప్పుడు పాలు పడ్డాయి, నా మలమూత్రాలు ఎత్తింది, అలాంటి తల్లికి పిండం ఎలా ఎగ్గొట్టను అంటాడు. రాధ భర్త అధిరథుడు తనకు జాతకర్మ చేశాడనీ, వసుషేణుడని పేరు పెట్టించాడనీ, పెళ్లిళ్లు కూడా చేశాడనీ వరసగా చెబుతాడు. కన్నతల్లి ఎవరో తెలిసీ అన్న మాటలివి. మీ ఊరి ఆవిడ చేసింది అంతకంటే తక్కువా?

కన్నడంలో సాకుతాయి అంటారు, మనకూ సాకిన తల్లి ఉంది, తెలంగాణలో సాదుకున్న తల్లి. అన్నీ మంచి మాటలే.

ఇక బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ ‘సవతి తల్లి ప్రేమ’ అని శీర్షికలు పెట్టే పత్రికలవాళ్లకో మాట. వివక్ష అంటే సరిపోదా? ఎందరో ఆడవాళ్లు భర్త మొదటి పెళ్లి పిల్లల్ని కడుపున పుట్టినవాళ్లలాగే చూసుకుంటున్నారు, ఆ శీర్షికలు వాళ్లూ చదువుతారు. అలాంటి పిల్లల కోసం సెలవు వాడుకుందని ఒక నర్సుకు ప్రసూతి సెలవు కాదంటే, అది తప్పని 2022లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, కుటుంబమంటే తల్లి, తండ్రి, పిల్లలు అనే ఒక్క మూసే కాదని కూడా చెప్పింది. భాష రాసేవాళ్లు కోర్టుకంటే వెనకబడితే ఎలా?

శుభలేఖలో ‘తల్లి’ అనే వేయించండి. విడిగా చెప్పాలని ఆవిడే కోరుకుంటే ‘పెంచిన తల్లి’ అనండి. ‘పెంపుడు తల్లి’ అని ఇప్పటికే అచ్చయిపోయి ఉంటే మాత్రం, దానికోసం మళ్లీ ప్రెస్సుకు వెళ్లి ఖర్చు పెట్టుకోనక్కర్లేదు.