తంబూరా లేని కచేరీని ఎలా వినాలి?

ప్రశ్న: నేను హన్మకొండలో ఉంటాను. ఉద్యోగ విరమణ తరువాత పదేళ్లుగా వీణ నేర్చుకుంటున్నాను. మా అమ్మాయి వియన్నాలో పనిచేస్తున్నది. జూలై రెండో వారంలో వచ్చి పదిహేను రోజులు ఉండమంటున్నది. విగ్రహాలు, మ్యూజియాలు చూసి రావడం కాకుండా అక్కడి శాస్త్రీయ సంగీతాన్ని నిజంగా వినాలని నా కోరిక. కానీ టికెట్ల ధరలు చూస్తే భయం వేస్తున్నది. పైగా తంబూరా శ్రుతి లేని కచేరీలో చెవిని ఎక్కడ నిలపాలో తెలియదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అమ్మా, ముందుగా ప్రయాణం తేదీ మార్చుకోండి. పాటలతోనే నడిచే నాటకాలకు నిలయమైన వియన్నా స్టేట్ ఒపేరా సెప్టెంబరు నుండి జూన్ వరకే నడుస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో దానికి సెలవు. ఫిల్హార్మోనిక్ వాద్యబృందం సాల్జ్‌బర్గ్ ఉత్సవానికి తరలిపోతుంది. హోఫ్‌బర్గ్ రాజప్రాసాదంలోని ప్రార్థనా మందిరంలో ఆదివారం ఉదయం బాలగాయకులు పాడే పూజ కూడా ఉండదు. ఆ రోజుల్లో పర్యాటకునికి సులభంగా దొరికేది మోజార్ట్ కాలపు తెల్లజుట్టు టోపీ, ఎర్రకోటు తొడుక్కుని వీధిలో టికెట్లు అమ్మే కుర్రవాళ్లే. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ ఒకరి దగ్గర కొని, చెప్పిన హాలు ఒకటైతే మరో చిన్న గదిలో, ప్రసిద్ధమైన ముక్కలన్నీ తలా ఐదు నిమిషాలు వాయించగా విని వచ్చాను. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం విన్న తృప్తి కూడా కలగలేదు.

ధరల గురించి భయపడకండి. 1869లో మోజార్ట్ రచన ‘డాన్ జొవాన్ని’తో తెరుచుకుని, 1945 బాంబుదాడిలో చాలావరకు కాలిపోయి, 1955లో బీథోవెన్ ‘ఫిడేలియో’తో మళ్లీ మొదలైన ఆ ఒపేరాలో మంచి సీటు వందల యూరోలు పలుకుతుంది. అయితే నిలబడి చూసే చోటు పాతిక యూరోల లోపే దొరుకుతుంది, దానిని ప్రదర్శన రోజునే అమ్ముతారు. లోపలికి వెళ్లగానే అందరూ మెడలోని స్కార్ఫును తమ ముందున్న కడ్డీకి ముడివేసి, అది తమ చోటని గుర్తుగా వదిలి, కాఫీ తాగడానికి బయటకు వెళ్లిపోతారు. బస్టాండులో కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్న మనకు ఆ పద్ధతి ఎవరూ నేర్పనక్కరలేదు. నేను నా కండువా కట్టాను. తిరిగి వచ్చేసరికి ముడి అలాగే ఉన్నది. మోకాళ్ల నొప్పులుంటే మాత్రం మూడు గంటల ప్రదర్శనకు ఈ సాహసం వద్దు, పై అంతస్తులో చవక సీటు చూసుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న శ్రుతి గురించి. కచేరీ మొదలయ్యే ముందు వాద్యబృందంలో ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరాన్ని పట్టి నిలుపుతుంది, మిగిలినవారందరూ దానికి సరిచూసుకుంటారు. ఆ తరువాత అక్కడ షడ్జమం నిరంతరంగా మోగదు. ఆధారాన్ని కింది స్థాయి తీగ వాద్యాలు ఇస్తాయి, అది కూడా కదులుతూ ఉంటుంది. అందుకే వంద మంది వాయించే సింఫనీతో మొదలుపెడితే చెవి తప్పిపోతుంది. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వియోలా ఒకటి, ఇంకా మంద్రంగా మోగే చెల్లో ఒకటి ఉండే క్వార్టెట్‌తో మొదలుపెట్టండి. ఆ రూపానికి నిండుతనం తెచ్చిన స్వరకర్త హేడెన్ తన చివరి ఏళ్లు గడిపింది ఆ ఊరిలోనే.

ఆయన ‘ఎంపరర్’ క్వార్టెట్‌లోని రెండో భాగాన్ని బయలుదేరే ముందు ఇంట్లో పదిసార్లు వినండి. 1797లో చక్రవర్తి ఫ్రాన్సిస్ కోసం ఆయన కట్టిన పాట దానికి ఆధారం. ఆ వరుసే నేడు జర్మనీ జాతీయగీతమైంది. మేజర్ స్కేలు మన శంకరాభరణం మెట్లే గనుక, స రి గ రి మ గ రి ని స అంటూ మొదలయ్యే ఆ ఎత్తుగడను మీరు వీణపై వాయించుకోవచ్చు. మంద్ర నిషాదం దగ్గర గమకం పెట్టకుండా నిలపండి. మొదటి వయొలిన్ పాటను వినిపించాక, వరుసగా రెండో వయొలిన్, చెల్లో, వియోలా, చివరకు మళ్లీ మొదటి వయొలిన్ దానిని అందుకుంటాయి. మనకు సంగతులు వేసేటప్పుడు పాట మారుతూ పోతుంది, కింద శ్రుతి కదలక నిలుస్తుంది. ఇక్కడ పాట దాదాపు ఒక్క స్వరం కూడా మారదు, దాని చుట్టూ మిగిలిన వాద్యాలు వాయించేదే నాలుగుసార్లు మారుతుంది. చెవిని పాట మీద కాక ఆ చుట్టూ ఉన్న దాని మీద నిలపడం అలవాటైతే సగం పని అయినట్టే.

1870లో తెరిచిన మ్యూజిక్‌ఫెరైన్ అనే సంగీత భవనంలోని స్వర్ణశాలలో కచేరీకి కూడా తప్పక వెళ్లండి. అక్కడ గోడల వెంట బంగారు పూత పూసిన స్త్రీమూర్తులు వరుసగా నిలబడి ఉంటాయి. రామప్ప గుడి మదనికలను చూసిన కళ్లకు ఆ శిల్పం కొంచెం బిగుసుకున్నట్టే కనిపిస్తుంది గానీ, హాలులో ధ్వని మాత్రం అద్భుతం. కోటు గదిలో కోటు అప్పగించి వెళ్లాలి. ఒక రచనలో మూడు నాలుగు భాగాలు ఉంటాయి, భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టరు. పక్కవారు కొట్టినప్పుడు కొడితే చాలు. తొడ మీద తాళం వేయడం, నచ్చినచోట ‘ఆహా’ అనడం మన సభల్లో మర్యాద, అక్కడ వెనక్కు తిరిగి చూస్తారు. మొదటి సాయంత్రం నా చేయి రెండుసార్లు లేచింది, రెండోసారి పక్కనున్న పెద్దావిడ నవ్వి నా చేతి మీద తన కచేరీ పుస్తకం పెట్టింది.