మీటింగులో మౌనం, బయటికొచ్చాక గుసగుసలు

ప్రశ్న: నా కింద పదకొండు మంది పనిచేస్తారు. "అభ్యంతరాలుంటే చెప్పండి" అని ప్రతి మీటింగులోనూ అడుగుతాను. ఒక్కరూ నోరు విప్పరు. తీరా పని చెడ్డాక "మాకు ముందే తెలుసు" అంటారు. లోపం వాళ్లదా, నాదా?

జవాబు: ఎక్కువ పాలు మీదే. అభ్యంతరాల గురించి అడిగే వేళకి మీ నిర్ణయం అయిపోయిందని అందరికీ తెలుసు. అప్పుడు మాట్లాడడమంటే ప్లానుని కాదు, మిమ్మల్ని తప్పుబట్టడం. మాట్లాడితే నష్టం ఇవాళే, తనొక్కడికే. ఊరుకుంటే నష్టం ఎప్పుడో, అందరికీ. ఈ లెక్క వేసుకోవడానికి పిరికివాళ్లే కానక్కర్లేదు.

1977లో స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో, రన్‌వే మీద రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు, రేడియోలో ఒకరి మాట మీద ఒకరిది పడడం వంటి కారణాలు చాలానే ఉన్నాయి. కానీ టేకాఫ్‌కి పరుగు మొదలైన విమానంలో ఫ్లైట్ ఇంజనీరుకి అనుమానం రానే వచ్చింది. అవతలి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని అడిగాడు కూడా. సీనియర్ కెప్టెన్ లేదని గట్టిగా తేల్చేశాడు. ఇంజనీరు మళ్లీ రెట్టించలేదు.

కాబట్టి వచ్చే మీటింగులో ప్రశ్న మార్చండి. "ఆరు నెలల తర్వాత ఈ పని బెడిసికొట్టిందనుకోండి, ఎక్కడ దెబ్బతిని ఉంటుంది?" అనండి. అయిదు నిమిషాలిచ్చి, తలా రెండు కారణాలు పేరు లేకుండా రాయించండి. చీటీలు కలిపేసి అందరికీ చదవండి. చర్చలో కొత్తగా చేరినవాళ్లు ముందు, మీరు ఆఖర్న. మీ అభిప్రాయం మొదట బయటపడిందా, మిగతా పదకొండు మందీ దానికే తలూపుతారు. వారంలోగా ఏ సూచన తీసుకున్నారో, ఏది ఎందుకు వదిలేశారో చెప్పండి. ఇది మరిచారంటే మరుసటిసారి చీటీలు ఖాళీగా వస్తాయి.

అసలు పరీక్ష, ఎవరో ఒకరు వచ్చి "తప్పు చేశాను" అన్నప్పుడు. మొదటి పది సెకన్లలో మీ ముఖం ఏం చెబుతుందో టీమంతా చూస్తుంది. "ఎలా జరిగింది?" అని గద్దించకుండా "వెంటనే చెప్పారు, మంచిదైంది. ఇప్పటికి ఏం తెలిసింది? నేనేం చెయ్యాలి?" అనండి. ఇలా కొన్నాళ్లు సాగితే రిపోర్టయ్యే తప్పుల సంఖ్య పెరుగుతుంది. కంగారుపడకండి. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో చూసిందీ ఇదే: మెరుగైన నాయకత్వమున్న వార్డుల్లో మందుల పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ తప్పులు దాచుకోవడం లేదన్నమాట. 'సైకలాజికల్ సేఫ్టీ' (నోరు విప్పినా, తప్పు ఒప్పుకున్నా తనకి ముప్పు రాదన్న నమ్మకం) అన్న మాటకి ఇంత ప్రచారం ఆమె పరిశోధనలతోనే వచ్చింది. దానర్థం చూసీచూడనట్టు వదిలెయ్యడం మాత్రం కాదు. గడువు దాటితే అడగాల్సిందే.

ప్రశ్న: టీములో ఆడపిల్లని నేనొక్కదాన్నే. నేను చెప్పింది గాలికి పోతుంది. పది నిమిషాలాగి అదే మాట మరొకరంటే "భలే" అంటారు. ఏం చెయ్యను?

జవాబు: మీ ఆలోచనని రెండు వాక్యాల్లో ముందురోజే మీ పేరుతో అందరికీ మెయిల్ చెయ్యండి. మీటింగుకి ముందే ఒక్కరితో మాట్లాడి పెట్టుకోండి: "ఇందాక ఆవిడ చెప్పింది ఇదే, పూర్తిగా విందాం" అని వాళ్లనాలి. 1950లలో మనస్తత్వవేత్త సాలమన్ యాష్ గీతల పొడవులు పోల్చమని జరిపిన ప్రయోగాల్లో, గుంపంతా తప్పు జవాబు చెబుతున్నా ఒక్కడు తోడు నిలిస్తే చాలు, గుంపుకి తలొగ్గడం బాగా తగ్గింది.

నిజానికి ఈ భారం మీ మీద పడకూడదు. మీ లీడరు వరసగా మూడు మీటింగుల్లో ఒక కాగితం మీద టిక్కులు పెట్టుకోవాలి: ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారు, ఎవరి మాట మధ్యలో తెగింది, నోట్సు రాసే పని ఎప్పుడూ ఎవరి నెత్తిన పడుతోంది. "ఆడవాళ్ల తరఫున మీరేమంటారు?" అని అడగడం మాత్రం మానాలి. ఆవిడ వచ్చింది తన పని గురించి మాట్లాడడానికి.

ప్రశ్న: అయిదుగురి టీములో పేర్లు లేని సర్వే పెట్టొచ్చా?

జవాబు: వద్దు. రాసిన తీరు చూసే ఎవరో పట్టేస్తారు. వయసు, హోదా కాలమ్‌లు కూడా పెడితే ఇక దాపరికమేముంది? నాలుగైదు టీముల జవాబులు కలిపి చూడండి, లేదా విడివిడిగా కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: "ఈ నెలలో చెప్పాలనుకుని ఆగిపోయింది ఏదైనా ఉందా?" మొదటిసారి "ఏం లేదండీ" అనే అంటారు. వచ్చే నెల మళ్లీ అడగండి.